మడమ నొప్పికి తరంగ వైద్యం

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద కలుక్కుమంటుంది. నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది. సాయంత్రానికి మళ్లీ మొదలు. ఎర్రగడ్డ రైతుబజారులో రోజంతా నిలబడి కూరలమ్మేవాళ్లకూ, ఫిల్మ్‌నగర్ షూటింగుల్లో గట్టినేల మీద గంటల తరబడి తిరిగే లైట్‌మన్‌లకూ ఈ బాధ వచ్చే అవకాశం ఎక్కువ. పదిమందిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందని అంచనా.

మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద దళసరి పట్టీ ఒకటి ఉంటుంది. పేరు ప్లాంటార్ ఫేషియా. వింటిని నారి పట్టి ఉంచినట్టు పాదం వంపును అది పట్టి ఉంచుతుంది. ఒంటి బరువు, నిలువుకాళ్ల పని, పిక్కల బిగువు దాన్ని మడమ దగ్గర పదేపదే లాగుతాయి. అక్కడి పోగులు మానేలోపే మళ్లీ దెబ్బతింటాయి. ఎక్స్‌రేలో ఎముక పెరిగినట్టు కనిపించినా కంగారు అక్కర్లేదు. నొప్పి లేనివాళ్లలోనూ అది కనిపిస్తుంది.

మొండికేసిన నొప్పికి ఇప్పుడు షాక్‌వేవ్ చికిత్స చేస్తున్నారు. ఇందులో ఒంట్లోకి కరెంటు పంపరు, ఒత్తిడి తరంగాలు పంపుతారు. జర్మన్ విమాన సంస్థ డోర్నియర్ పరిశోధనల నుంచి పుట్టిన ఈ విద్యతోనే 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో క్రిస్టియన్ చౌసీ బృందం తొలిసారి ఒక రోగి కిడ్నీలో రాయిని కోత లేకుండా పగలగొట్టింది. మడమ నొప్పికి ఇలాంటి యంత్రాన్ని అమెరికా ఎఫ్‌డీఏ 2000లో అనుమతించింది.

మడమలో పగలగొట్టేదేమీ లేదు. తరంగాల తాకిడికి అక్కడ కొత్త రక్తనాళాలు పుడతాయనీ, ఆగిపోయిన మాన్పుదల మళ్లీ మొదలవుతుందనీ, నొప్పి నరాల చురుకు తగ్గుతుందనీ శాస్త్రజ్ఞుల వివరణ. యంత్రాలు రెండు రకాలు. ఫోకస్డ్ రకం తరంగాలను లోపల ఒకే చోట కేంద్రీకరిస్తుంది. రేడియల్ రకంలో గాలి ఒత్తిడితో చిన్న లోహపు ముక్క గొట్టంలో దూసుకొచ్చి కొనకు కొడుతుంది. ఆ అదురు చర్మం నుంచి లోపలికి పాకుతుంది. సాధారణంగా వారానికోసారి చొప్పున మూడు నుంచి ఐదుసార్లు, ప్రతిసారీ దాదాపు 2000 తాకిళ్లు ఇస్తారు.

ఫలితాలు అన్నిచోట్లా ఒక్కలా లేవు. 2002లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో ఉత్తుత్తి చికిత్సకూ దీనికీ తేడా కనిపించలేదు. 2008 నాటి రేడియల్ అధ్యయనంలో మాత్రం స్పష్టమైన మేలు కనిపించింది.

అందుకే యంత్రం దగ్గరికి పరుగెత్తడం మొదటి మెట్టు కాకూడదు. పిక్కనూ అరికాలినీ రోజూ సాగదీసే వ్యాయామం, మెత్తని మడమ ఉన్న చెప్పులు, బరువు తగ్గడం, పని మధ్యలో కాసేపు కూర్చోవడం... వీటితోనే ఎక్కువమందికి ఏడాదిలోపు నయమవుతుంది. నెలల తరబడి ఇవన్నీ చేసినా తగ్గకపోతే, ఆపరేషన్ ఆలోచనకు ముందు షాక్‌వేవ్ గురించి అడగాలి. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవారు, ఆ చోట ఇన్‌ఫెక్షన్ లేదా కణితి ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. రోజు కూలి మీద బతికేవాళ్లకు ఖర్చులేని వ్యాయామాన్ని ముందు నేర్పడం వైద్యుల బాధ్యత.