కొల్లేరు లంకల్లో గూడబాతు బతకాలంటే డబ్బు ఎవరి చేతికి రావాలి?

అత్తిలి నుంచి నేను. దీవుల్లో పక్షుల్ని, చేపల్ని కాపాడటానికి డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయి అని ఈ రోజు టాపిక్. దీవులనగానే అండమాన్ దాకా వెళ్ళిపోకండి. మన అత్తిలి స్టేషన్లో రైలెక్కి భీమవరం, ఆకివీడు దాటి ఉప్పుటేరు వంతెన మీదకి వచ్చారంటే దీవుల పక్కకి వచ్చేసినట్టే. కొల్లేరు లోపల 46 లంక గ్రామాలున్నాయి. చుట్టూ ఒడ్డున ఇంకో 76 ఊళ్ళు.

చిన్నప్పుడు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి అమ్మమ్మతో వెళ్ళాను. సరస్సు చూస్తానని సంబరపడితే, నాకు కనిపించినవన్నీ చేపల చెరువుల గట్లే. "కొల్లేరేదీ?" అనడిగితే అమ్మమ్మ ఆ గట్లనే చూపించింది.

అసలు కథ పక్షితో మొదలుపెడదాం. గూడబాతు, అదేనండి పెలికాన్. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షి పరిశోధకుడు మన పశ్చిమ గోదావరిలో వీటి పెద్ద స్థావరాన్ని కనిపెట్టాడు. 1970ల నడిమికల్లా ఆ గూళ్ళు ఖాళీ అయిపోయాయి. ఇప్పుడు కైకలూరు పక్కన ఆటపాకలో మళ్ళీ వేల పక్షులు. అక్కడ చెట్లు చాలక అటవీశాఖ నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. వాటి మీదే గూళ్ళు, వాటి మీదే పిల్లలు. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ, పని చేసింది.

మరి స్టాండ్లు పెడితే సరిపోయినట్టేనా? కాదండి. గూడు స్టాండ్ మీద పెట్టుకున్నా, మేత మాత్రం సరస్సులోనే వెతుక్కోవాలి. ఆ సరస్సు ఎవరిదన్న దగ్గరే గొడవంతా.

కొల్లేటి నీళ్ళు ఎంత ఎత్తున నిలిస్తే సరస్సు అంత వెడల్పు అవుతుంది. సముద్రమట్టానికి 10 అడుగుల ఎత్తు గీత దాకా లెక్కేస్తే 901 చదరపు కిలోమీటర్లు. 5 అడుగులకి 308. 3 అడుగులకైతే 135 మాత్రమే. 1999లో జీవో 120 ఇచ్చి 5 అడుగుల గీత దాకా అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో శాసనసభ 3 అడుగులకి కుదించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించొద్దంది.

ఇక్కడ లంకల వాళ్ళని విలన్లని చేసేస్తారు చాలామంది. నాకు అది నచ్చదు. తాటి దోనె మీద వెళ్ళి, మావులు వేసి కొర్రమీను, జెల్ల పట్టుకునే జనం వాళ్ళు. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారులకి సొసైటీలు పెట్టించి చెరువులిచ్చింది. తవ్వడానికి, మేతకి పెట్టుబడి కావాలి కదా, అది బయటి నుంచి వచ్చింది. లీజు డబ్బు ఊరికి, లాభం బయటివాళ్ళకి. అయినా ఆ లీజు ఏటా టంచనుగా చేతికొస్తుంది, గుడికీ పెళ్ళికీ పనికొస్తుంది. సరస్సుని సరస్సుగా ఉంచితే ఆ ఇంటికి ఏమొస్తుంది? కూల్చిన చెరువులు మళ్ళీ ఎందుకు లేచాయో ఈ ఒక్క ప్రశ్నలో ఉంది.

రక్షణ డబ్బు లేదని కాదు. చిత్తడి నేలల జాతీయ పథకంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి. గుర్రపుడెక్క తీయడం, కాలవలు బాగుచేయడం, సర్వేలు, ఇలాంటి వాటికి. మంచిదే. కానీ ఆ డబ్బు పనికి వస్తుంది, ఇంటికి రాదు.

ఇంటికి వచ్చే దారులు కూడా ఉన్నాయండి. కర్ణాటకలో కొక్కరెబెళ్ళూరు అనే ఊళ్ళో గూడబాతులు జనం చింతచెట్ల మీదే గూళ్ళు పెడతాయి. కాయ నష్టపోయినందుకు అటవీశాఖ చెట్టు యజమానికి పరిహారం ఇస్తుంది. గాలపాగోస్ దీవుల్లో 2024 ఆగస్టు నుంచి విదేశీ టూరిస్టుకి ఎంట్రీ ఫీజు 100 డాలర్ల నుంచి 200కి పెంచారు. అందులో పార్కుకే కాదు, అక్కడి మున్సిపాలిటీలకీ వాటా వెళ్తుంది. మన గుంటూరు పక్కన ఉప్పలపాడులోనైతే ఊరివాళ్ళే తమ చెరువుని పక్షులకి వదిలేశారు.

ఆటపాకలో నేను ఎక్కిన పడవ నడిపిన బాబాయిని, "పక్షులు పెరిగితే మీకేంటండి?" అనడిగాను. "జనం వస్తే రెండు ట్రిప్పులు ఎక్కువ తిప్పుతాను బాబూ" అన్నాడాయన. ఆటపాక ఒడ్డున ఒక పడవాయనకి వచ్చే ఆ రెండు ట్రిప్పులు, లోపలి లంకలో మావు వేసుకునే మనిషికి రావు. నన్నడిగితే టిక్కెట్టులో ఇంత శాతం లంక గ్రామాల సొసైటీకని రాసి, ఆ లెక్క టిక్కెట్టు వెనకే అచ్చేయాలి. పట్టా భూములు అభయారణ్యంలో పోయినవాళ్ళకి పరిహారం ముందే తేల్చాలి. నాటు చేపలు పట్టే సంప్రదాయ వేటకి జీవో 120 అడ్డు చెప్పలేదు, కాబట్టి వలకీ దోనెకీ అప్పు బ్యాంకు నుంచే దొరకాలి. లీజుదారుడి నుంచి కాదు.

చూడాలనుకుంటే నవంబరు నుంచి మార్చి లోపు వెళ్ళండి, గూళ్ళలో పిల్లలుంటాయి. కైకలూరులో దిగితే ఆటపాక పక్కనే. పడవలో అరవకండి, డ్రోన్ అస్సలు ఎగరేయకండి. టిక్కెట్టు కొన్నప్పుడు ఈ డబ్బులో లంకలకి ఎంత పోతుందండి అని ఒకసారి అడిగి, ఏం చెప్పారో నాకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఉప్పుటేరు గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.