ప్యాచ్ వేయడం సులువు, మోయడమే కష్టం

కాన్ కోలివాస్ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మత్తు డాక్టరు. ఆపరేషన్ థియేటర్లో రోగిని నిద్రపుచ్చి, క్షేమంగా మళ్లీ లేపడం ఆయన వృత్తి. కంప్యూటర్ సైన్సు చదివినవాడు కాదు. 2000ల మొదట్లో ఇంట్లో కంప్యూటర్ మీద లినక్స్ వాడుతుంటే దాని తడబాటు ఆయనకు నచ్చలేదు. వెనకాల ఏదైనా బరువైన పని నడిచిందంటే చాలు, ముందు పాట తెగేది, మౌస్ ఆగి ఆగి కదిలేది. ఇలాంటప్పుడు మనమైతే మిషన్ పాతబడిందని సరిపెట్టుకుంటాం. ఆయన సి భాష నేర్చుకుని కెర్నెల్‌ను విప్పి చూశాడు.

ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలి, ప్రాసెసర్‌ను ఎవరి చేతికి ఎన్ని మిల్లీసెకన్లు అప్పగించాలి, కీబోర్డు నొక్కితే ఆ కబురు ఎవరికి చేరాలి, ఇవన్నీ కెర్నెల్ తేలుస్తుంది. విండోస్‌లో ఈ భాగాన్ని మనం ముట్టుకోలేం. లినక్స్‌లో దాని సోర్స్ మొత్తం బయటే ఉంటుంది. దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, మన మిషన్ కోసం మనమే కంపైల్ చేసుకోవచ్చు. 1991 సెప్టెంబరులో లైనస్ టోర్వాల్డ్స్ బయటపెట్టిన మొదటి 0.01 వెర్షన్ పది వేల లైన్లు. ఇప్పుడది 4 కోట్ల లైన్లు. అందులో పెద్ద వాటా డ్రైవర్లదే.

సొంత కెర్నెల్ కట్టుకుంటే కంప్యూటర్ పరుగులు తీస్తుందని ఒక నమ్మకం ఇంకా చలామణిలో ఉంది. అక్కరలేని డ్రైవర్లన్నీ తీసేస్తే తేలికవుతుందట. నా లెక్కలో ఇది పాతకాలపు మాట. ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ పంపిణీలు ఇచ్చే రెడీమేడ్ కెర్నెల్‌లో డ్రైవర్లు ఎక్కువ భాగం విడి మాడ్యూళ్లుగా డిస్క్ మీద పడి ఉంటాయి, అవసరమైనవే మెమరీలోకి ఎక్కుతాయి. మిగతావి తీసేస్తే డిస్క్‌లో కాస్త చోటు మిగులుతుంది, అంతే. ఈ రోజుల్లో కెర్నెల్‌ను చేత్తో కంపైల్ చేయడానికి గట్టి కారణం వేరే ఉంది: అసలు కెర్నెల్‌లో లేని మార్పు మనకు కావలసి రావడం. ఆ మార్పు ప్యాచ్ రూపంలో దొరుకుతుంది.

ప్యాచ్ మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. మొదట ఏ ఫైలును మార్చాలో పేరుంటుంది. తర్వాత రెండేసి @ గుర్తుల మధ్య లైను నంబర్లు. ఆ కింద కోడ్. ముందు ‘-’ ఉన్న లైను తీసేయాలి, ‘+’ ఉన్న లైను చేర్చాలి. ఏ గుర్తూ లేని లైన్లు కూడా కొన్ని ఉంటాయి, మామూలుగా మార్పుకు పైన మూడు, కింద మూడు. మొత్తం తెలివి వీటిలోనే ఉంది. పల్లెలో ఇంటి నంబరు అడిగితే ఎవరూ చెప్పలేరు, రామాలయం దాటాక వేపచెట్టు ఎదురిల్లు అంటే పిల్లాడైనా తీసుకెళ్తాడు. ఈ గుర్తులేని లైన్లు ఆ వేపచెట్టు, ఆ రామాలయం. ఫైల్లో పైన ఎవరో నలభై లైన్లు కొత్తగా చేర్చినా, లైను నంబరు తప్పినా, చుట్టుపక్కల ఆనవాళ్లు పట్టుకుని మార్పు తన చోటికి చేరుతుంది. ఈ పని చేసే ‘ప్యాచ్’ ప్రోగ్రామును లారీ వాల్ 1985లో రాశాడు. రెండేళ్ల తర్వాత పర్ల్ భాషను తెచ్చిందీ ఆయనే.

ప్యాచ్ వేసేటప్పుడు తెర మీద వచ్చే మాటలను కంగారు లేకుండా చదవాలి. ‘ఆఫ్‌సెట్’ ఇన్ని లైన్లు అంటే చోటు కాస్త జరిగింది, దొరికింది, ఫర్వాలేదు. ‘ఫజ్’ అని వస్తే జాగ్రత్త. ఆనవాళ్లలో కొన్ని కలవలేదు, మిగతావాటిని బట్టి అందాజుగా అతికించాను అని దానర్థం. ‘ఫెయిల్డ్’ అంటే చోటు దొరకలేదు. అప్పుడు ఆ ముక్క ‘.రెజ్’ అనే చిన్న ఫైల్లోకి వెళ్లి కూర్చుంటుంది, ఇక మనిషే చూసి చేత్తో సర్దాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు ‘డ్రై రన్’ చేస్తారు. ఏ ఫైలునూ తాకకుండా, వేస్తే ఏమవుతుందో మాత్రం అది చెబుతుంది. అన్నీ అతుక్కున్నా ధీమా పనికిరాదు. మధ్యలో ఏదో ఫంక్షన్ తీరు మారిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు ప్యాచ్ అతుకుతుంది, కంపైల్ అవుతుంది, వారం తర్వాత అర్ధరాత్రి మిషన్ బిగుసుకుపోతుంది.

కోలివాస్ చేసింది ఇలాంటి ప్యాచ్‌లే. తన పేరులోని రెండక్షరాలతో ‘సీకే’ అని వాటికి పేరు. ప్రాసెసర్ సమయాన్ని పంచే షెడ్యూలర్ మీదే ఆయన గురి. తన మార్పులు నిజంగా పనిచేస్తున్నాయా అని తేల్చుకోవడానికి ‘కాంటెస్ట్’ అనే పరీక్ష కూడా రాసుకున్నాడు. రకరకాల బరువుల కింద ఒక పని ఎంతసేపట్లో పూర్తవుతుందో అది కొలుస్తుంది. ఆ పని ఏదనుకున్నారు? కెర్నెల్ కంపైలే. ప్రాసెసర్‌ను ఊపిరాడకుండా చేయాలంటే దాన్ని మించింది లేదు మరి.

2007లో ఆయన కొత్త షెడ్యూలర్ తెచ్చాడు. ప్రోగ్రాముల తీరు చూసి ఊహించడం మానేసి, అందరికీ న్యాయంగా వంతులు వేస్తే చాలన్నది దాని సారం. అది అసలు కెర్నెల్‌లోకి వెళ్తుందనే చాలామంది అనుకున్నారు. ఏప్రిల్‌లో మరో కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ అదే న్యాయం ఆధారంగా తనదైన షెడ్యూలర్‌ను బయటపెట్టాడు. న్యాయంగా పంచే పద్ధతి పనిచేస్తుందని చూపించింది కోలివాసే అని ఒప్పుకున్నాడు కూడా. అక్టోబరులో వచ్చిన 2.6.23 కెర్నెల్‌లోకి వెళ్లింది మాత్రం మోల్నార్ కోడే. అది 2023 దాకా, 6.6లో మరో పద్ధతి వచ్చేదాకా నడిచింది. కోలివాస్ మనసు విరిగి తప్పుకున్నాడు. 2009లో ఇంకో షెడ్యూలర్‌తో తిరిగొచ్చాడు, ఈసారి లోపలికి పంపే ఆశ లేకుండా, కావలసినవాళ్లు వేసుకుంటారని. 2016లో దాన్ని ఎక్కువ ప్రాసెసర్లకు సరిపడేలా తిరగరాశాడు.

తొమ్మిది పది వారాలకోసారి కొత్త కెర్నెల్ వస్తుంది. ఒక్కో విడుదలలో పది వేలకు పైగా మార్పులు. లోపలున్న కోడ్‌ను ఎవరైనా కదిలిస్తే, దాని మీద ఆధారపడ్డవాటిని సర్దే బాధ్యత కదిలించినవాడిదే. బయటున్న ప్యాచ్‌కు ఆ దిక్కు లేదు. ప్రతి విడుదలకూ దాని యజమానే కూర్చుని, విరిగినచోట అతికించుకోవాలి. పగలు ఆస్పత్రి, రాత్రి ఈ అతుకులు. 2021లో కోలివాస్ ఇక చాలన్నాడు. ఆ షెడ్యూలర్ మంచిదా కాదా అన్నది వేరే చర్చ. దాన్ని ఆపింది మాత్రం పోటీ కాదు, ఈ మోత.

ఇదే మోతను ఇరవై ఏళ్లు భరించి లోపలికి వెళ్లిన ప్యాచ్ ఒకటుంది. పేరు ప్రీఎంప్ట్ ఆర్‌టీ. ఆర్‌టీ అంటే రియల్ టైమ్, పని గడువు తప్పకుండా జరగడం. కంప్యూటర్‌లో సంగీతం రికార్డు చేసేవాళ్లకూ, మిల్లింగ్ మిషన్లను నడిపే లినక్స్ సీఎన్‌సీ వాడేవాళ్లకూ ఇది బాగా పరిచయం. సెకనుకు 48,000 శాంపిళ్ల చొప్పున వచ్చే శబ్దాన్ని 64 శాంపిళ్ల విడతలుగా అందించాలంటే, విడతకు 1.33 మిల్లీసెకన్లు దొరుకుతాయి. సగటున అరమిల్లీసెకనులో పని అయిపోతుందంటే లాభం లేదు. గంటలో ఒక్కసారి 5 మిల్లీసెకన్లు ఆలస్యమైనా టిక్కుమని చెవికి తగులుతుంది. మిల్లింగ్ మిషన్ అయితే ఇనుము మీదే గీత పడుతుంది. ఇక్కడ చూడాల్సింది వేగం కాదు, అన్నిటికన్నా చెడ్డ ఆలస్యం ఎంత అన్నది.

మామూలు కెర్నెల్ తన పని మధ్యలో ఉన్నప్పుడు కొన్నిచోట్ల ఎవరు పిలిచినా పలకదు. తాళం వేసుకుని లోపల కూర్చుంటుంది. ఆర్‌టీ ప్యాచ్ ఆ తాళాల్లో ఎక్కువ భాగాన్ని, మధ్యలో లేపడానికి వీలున్నవిగా మార్చింది. ఇంటరప్ట్‌లు, అంటే పరికరాల నుంచి పిలుపులు, వచ్చినప్పుడు జరిగే పనిని విడి థ్రెడ్లలోకి నెట్టింది. దీనితో ఒక కొత్త ప్రమాదం వస్తుంది. తక్కువ ప్రాధాన్యం ఉన్న ప్రోగ్రాము తాళం పట్టుకుని ఉంటుంది, ఎక్కువ ప్రాధాన్యం ఉన్నది దాని కోసం ఎదురుచూస్తుంది, మధ్యరకం ప్రోగ్రాము దూరి మొదటిదాన్ని కదలనివ్వదు. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ మాటిమాటికీ రీసెట్ అయింది ఈ చిక్కువల్లే, అందులో ఉన్నది వేరే ఆపరేటింగ్ సిస్టమ్ అనుకోండి. దీనికో మందు: తాళం పట్టుకున్నవాడికి, ఎదురుచూస్తున్నవాడి ప్రాధాన్యాన్ని ఆ కాసేపు అరువివ్వడం. ఆర్‌టీ తాళాల్లో ఈ ఏర్పాటు ఉంటుంది. వీటన్నిటికీ మూల్యం లేకపోలేదు, మొత్తంగా చేసే పని కాస్త తగ్గుతుంది. వెబ్ సర్వరుకు ఇది వేయడం దండగ.

ఇక కంపైల్ సంగతి. సోర్స్ సుమారు 150 ఎంబీ, విప్పితే జీబీ దాటుతుంది. వేల సెట్టింగులను మొదటినుంచి పెట్టుకోవాలని కూర్చోవద్దు. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ సెట్టింగుల ఫైలు బూట్ ఫోల్డర్లోనే ఉంటుంది. దాన్ని ‘.కాన్ఫిగ్’ పేరుతో తెచ్చుకుని ‘మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ కొడితే, కొత్త వెర్షన్‌లో వచ్చిన ప్రశ్నలకు మామూలు జవాబులు అదే రాసుకుంటుంది. ఆ తర్వాత ‘మేక్ మెనూకాన్ఫిగ్’తో మెనూలోకి వెళ్లి మార్పులు చేసుకోవచ్చు. చాలామంది తికమకపడేది ఇక్కడే. ప్యాచ్ శుభ్రంగా పడింది, మెనూలో మాత్రం ఆర్‌టీ ఎంపిక కనిపించదు. ‘ఎక్స్‌పర్ట్’ అనే వేరే సెట్టింగు పెడితే తప్ప అది బయటికి రాదు.

ఉబుంటు సెట్టింగులు తెచ్చుకున్నవాళ్లకు ఇంకో మెలిక. ఉబుంటువాళ్ల సర్టిఫికెట్ ఫైలు కావాలంటూ కంపైల్ మధ్యలో ఆగిపోతుంది. ఆ ఫైలు మన దగ్గర ఉండదు, ఆ చోటు ఖాళీగా వదిలేయాలి. డీబగ్ సమాచారం కూడా ఆపేయండి, లేకపోతే డిస్క్‌లో పదుల జీబీలు మింగుతుంది. ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ అని ఒక దగ్గరిదారి ఉంది. ఈ క్షణంలో వాడుకలో ఉన్న డ్రైవర్లనే ఉంచి మిగతావాటిని కొట్టేస్తుంది, కంపైల్ సమయం బాగా తగ్గుతుంది. ఆ క్షణంలో ప్రింటర్ వైరు పెట్టి లేకపోతే మాత్రం ప్రింటర్ డ్రైవరూ పోయినట్టే.

పూర్తయ్యాక మాడ్యూళ్లు, ఆ తర్వాత కెర్నెల్ ఇన్‌స్టాల్ చేసి రీబూట్. సెక్యూర్ బూట్ ఉన్న మిషన్ అయితే సంతకం లేని కెర్నెల్‌ను గడప దాటనివ్వదు. అది దాటినా, తెర నల్లబడి ‘అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ (0,0)’ అన్న వాక్యం కనబడొచ్చు. భయపెట్టే మాటే గానీ విషయం చిన్నది. డిస్క్‌ను చదివే డ్రైవరు మాడ్యూలుగా ఆ డిస్క్ మీదే ఉండిపోయింది, దాన్ని చదవాలంటే ముందు డిస్క్ తెరుచుకోవాలి. ఈ ముడి విప్పడానికే బూట్ సమయంలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూటను మెమరీలోకి ఎక్కిస్తారు. ఆ మూట తయారుకాలేదన్నమాట. బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకుని వెనక్కి రావచ్చు. అందుకే పాతదాన్ని ఎప్పుడూ తీసేయకూడదు. అన్నీ కుదిరితే ‘యూనేమ్ -వి’ కొట్టినప్పుడు ప్రీఎంప్ట్ ఆర్‌టీ అన్న పేరు కనిపిస్తుంది. అక్కడి నుంచి భద్రతా అప్‌డేట్లు మన బాధ్యత. మామూలు కెర్నెల్‌కు అవి వాటంతటవే వస్తాయి, మనది మనమే మళ్లీ ప్యాచ్ వేసి కంపైల్ చేసుకోవాలి.

2004లో మొదలైన ఆర్‌టీ ప్యాచ్ ముక్కలు ముక్కలుగా లోపలికి వెళ్లింది. 2006లో కొన్ని తాళాలు, సూక్ష్మ టైమర్లు, 2009లో థ్రెడ్లలో నడిచే ఇంటరప్ట్‌లు. తామస్ గ్లైక్స్‌నర్ బృందం ఏళ్ల తరబడి దీన్ని మోసింది. చిట్టచివర అడ్డుపడింది ఏమిటంటే, కెర్నెల్ తన సందేశాలు అచ్చువేసుకునే ‘ప్రింట్‌కే’ అనే సాదాసీదా ఫంక్షన్. సీరియల్ కేబుల్ మీద 1,15,200 బాడ్ వేగంతో సెకనుకు 11,520 అక్షరాలు వెళ్తాయి. 80 అక్షరాల ఒక్క లైను పంపడానికే 7 మిల్లీసెకన్లు. మన శబ్దం విడతకు ఉన్న గడువు 1.33. అలాగని అచ్చు వాయిదా వేస్తే, కెర్నెల్ కూలిపోయే వేళ దాని ఆఖరి మాటలు బయటికి రావు. అవి లేకపోతే ఎందుకు కూలిందో తెలియదు. ఈ రెండింటికీ కుదిరే దారి కట్టడానికి ఆ బృందంలోని జాన్ ఓగ్నెస్‌కు ఏళ్లు పట్టింది.

2024 సెప్టెంబరులో వియన్నాలో గ్లైక్స్‌నర్, ఈ కోడ్‌ను కలుపుకోమనే ఆఖరి అభ్యర్థనను కాగితం మీద అచ్చువేసి, బంగారు రంగు కాగితంలో చుట్టి టోర్వాల్డ్స్ చేతికిచ్చాడు. అందులో ఉన్నవి కొన్ని లైన్లే: ఎక్స్86, 64 బిట్ ఆర్మ్, రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లకు ఆర్‌టీ ఎంపికను తెరవడం. నవంబరు 17న 6.12 విడుదలైంది. ఆ మూడింటి మీద ఆర్‌టీ కావాలంటే ఇప్పుడు ప్యాచ్ అక్కరలేదు, మెనూలో టిక్కు పెడితే చాలు. 32 బిట్ ఆర్మ్, పవర్‌పీసీ లాంటివి అప్పటికి జాబితాలో లేవు. ఆ బోర్డుల మీద పనిచేసేవాళ్లు 6.12కూ ప్యాచ్ దించుకుని, డ్రై రన్ చేసి, ‘.రెజ్’ ఫైళ్లు ఏమైనా మిగిలాయా అని వెతుక్కున్నారు.