ముక్కాలిపీట మీద బరువు

ఏతం కిటుకు మనకు కొత్తది కాదు. ఒక కొసన బాన, రెండో కొసన రాయి, నడుమ స్తంభం. గోడౌన్లలో తిరిగే ఫోర్క్‌లిఫ్ట్ అచ్చంగా చక్రాలు తొడుక్కున్న ఏతమే. ముందు చక్రాలు స్తంభం, ఫోర్కుల మీది సరుకు బాన, డ్రైవరు వెనకున్న పోతఇనుప దిమ్మ రాయి. అందుకే రెండు టన్నులు ఎత్తే బండి తానే మూడు టన్నులు దాటి తూగుతుంది.

1917లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, బుకానన్‌లో క్లార్క్ అనే ఇరుసుల ఫ్యాక్టరీ తన ఆవరణలో సరుకు తిప్పుకోవడానికి ఒక బండి కట్టుకుంది. చూడవచ్చినవాళ్లు మాకూ ఒకటి చేసిపెట్టమన్నారు. 1923లో యేల్ కంపెనీ ఫోర్కులు నిలువునా పైకి పాకే ఎలక్ట్రిక్ బండి తెచ్చింది. తర్వాత సరుకు పేర్చే చెక్క ప్యాలెట్ దానికి జత కుదిరింది. రెండో ప్రపంచయుద్ధం ఈ జంటను ఊరూరా తిప్పింది.

మన డెల్టా బియ్యం గోడౌన్లలో 50 కిలోల బస్తాలు నెట్టు కట్టేది ఇప్పటికీ ఎక్కువగా జట్టు కూలీలే. ఈ బండికి తగిన చోటు భీమవరం చుట్టుపక్కల రొయ్యల కోల్డ్ స్టోరేజీలు. మైనస్ 18 డిగ్రీల మూసిన గదిలో, తిండి సరుకు పక్కన డీజిలు పొగ పనికిరాదు. బ్యాటరీ బండే కావాలి. దానికి చప్పుడు తక్కువ. చలికి చెవులు మూసుకున్న మనిషికి అది వెనక వస్తున్నట్టే తెలియదు. తలుపు దగ్గర బయటి ఉక్క గాలి లోపలి చలి తగిలి మసకవుతుంది, నేల జారుతుంది. పైగా ఇది వెనక చక్రాలతో మలుపు తిరిగే బండి. ముందుభాగం కుదురుగా ఉన్నట్టే కనిపిస్తుంది, తోక మాత్రం విసురుగా పక్కకు కొడుతుంది. గోడకూ ఆ దిమ్మకూ మధ్య చిక్కినవాడు నలిగిపోతాడు.

బోల్తా సంగతి వేరు. నాలుగు చక్రాలున్నా లెక్కకు ఇది ముక్కాలిపీటే. వెనక ఇరుసు నడిమధ్యన ఒక్కచోటే ఆని ఊగుతుంది. ముందు రెండు, వెనక ఒకటి: ఆ త్రికోణం దాటి బరువు జరిగిందా, బండి ఒరిగినట్టే. సరుకు పైకెత్తి ఉంచి మలుపు తిప్పడం దానికి దగ్గరి దారి. అమెరికాలో 2022లో ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదాల్లో 73 మంది కార్మికులు చనిపోయారు.

ఒరుగుతుంటే దూకెయ్యాలనిపిస్తుంది ఎవరికైనా. సైకిలు నేర్చుకున్న రోజుల నుంచీ ఒంటికి అదే అలవాటు. ఇక్కడ దూకినవాడి మీదే తలపైన ఉన్న ఇనుప పందిరి వచ్చి పడుతుంది. బెల్టు పెట్టుకుని, స్టీరింగు గట్టిగా పట్టుకుని, పడే వైపుకు వ్యతిరేక దిశలో వాలి సీట్లోనే ఉండాలి. నిలబడి నడిపే రీచ్ ట్రక్కులో మాత్రం ఇదంతా తిరగబడుతుంది. దాంట్లోంచి వెనక్కి అడుగేసి దిగిపోవాలి.