వార్తల్లో పదం: రెపో రేటు

రెండు నెలల కొకమాఱు ముంబయిలో రిజర్వు బ్యాంకు గవర్నరు ప్రకటించు నొక సంఖ్యకై బ్యాంకులును, బాండ్ల విపణియు, ఇంటి యప్పు మోయుచున్న గృహస్థుడును చెవులు రిక్కించుకొని యుందురు. ఆ సంఖ్యయే రెపో రేటు.

రెపో యనగా తిరుగుకొనుగోలు. ఆనాటికి నగదు చాలని బ్యాంకు, తన యొద్దనున్న ప్రభుత్వ ఋణపత్రములను మఱునాడే మరల కొనెదనని యొడంబడి, రిజర్వు బ్యాంకునకు విక్రయించి సొమ్ము గైకొనును. అమ్మిన ధరకును కొను ధరకును గల భేదమే వడ్డీ. రేటు 6.50 శాతమైనచో నూఱు కోట్లకు ఒక్క రాత్రి వడ్డీ సుమారు 1,78,000 రూపాయలు. పావు శాతము, అనగా వ్యవహర్తలు చెప్పు 25 బేసిస్ పాయింట్లు, తగ్గినచో అది 1,71,000కు దిగును.

2016 నుండి ఈ నిర్ణయభారమును ఆర్గురు సభ్యులు గల ద్రవ్య పరపతి విధాన కమిటీ వహించుచున్నది. చిల్లర ధరల పెరుగుదలను 4 శాతమునకు చేరువగా, అటునిటు రెండు శాతము మించకుండ నిలుపుట దాని లక్ష్యము.

2019 అక్టోబరు 1 నుండి బ్యాంకులిచ్చు క్రొత్త చలవడ్డీ గృహఋణములు రెపో వంటి బాహ్య ప్రమాణముతో ముడిపడినవి. కనుక రేటు మార్పు మూడు నెలలలోపుననే ఋణగ్రస్తుని కంతును తాకును. బాండ్ల గతి విపరీతము: రేటు తగ్గి క్రొత్త బాండు ఏటా ఆఱు రూపాయలే యిచ్చుచుండగా, ఏడు రూపాయలిచ్చు పాతదానిని నూఱు రూపాయల కెవ్వడును వదలుకొనడు, దాని ధర పెరుగును. రేటు తగ్గినపుడు నష్టపడువాడు, గడువు తీరిన డిపాజిట్టును తక్కువ వడ్డీకి తిరుగవ్రాయించుకొను పింఛనుదారుడు.