ఆరు, ఏడు, ఎనిమిది

మా నాన్న చదువు ఐదుతో ఆగింది. మా అప్ప చదువు ఏడుతో ఆగింది. నేను ఎం.ఎస్సీ. దాకా వచ్చాను. ముగ్గురిలో తెలివైనది మా అప్పే, ఆ మాట ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. తేడా అల్లా బడి ఎంత దూరంలో ఉందన్నదే. నాన్న చిన్నప్పుడు మా చుట్టుపక్కల ఐదు వరకే బడి. అప్ప నాటికి పక్క ఊళ్లో యు.పి. స్కూలు వచ్చింది గాని, అది ఏడు వరకే. ఎనిమిదిలో చేరాలంటే గెడ్డ దాటి హైస్కూలుకు పోవాలి. వానాకాలంలో ఆడపిల్లను ఎలా పంపుతామని మాన్పించేశారు. నాకు మాత్రం ఆరో తరగతికే ఈ హాస్టల్లో సీటు దొరికింది.

అందరూ పదో తరగతి గురించి మాట్లాడుతారు. మనలాంటి ఇళ్లలో అసలు కష్టం అంతకుముందే, ఆరు నుంచి ఎనిమిది మధ్యన వస్తుంది. పాతకాలంలో ఈ తరగతుల్నే ఫస్టుఫారం, సెకండుఫారం, థర్డుఫారం అనేవారు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉద్యోగం మొదలుపెట్టింది ఫస్టుఫారం పిల్లలకు చరిత్ర చెబుతూనే. తర్వాత ఎనిమిదో తరగతికి ఇ.ఎస్.ఎల్.సి. అనే పరీక్ష ఉండేది. అది ప్యాసై, ట్రైనింగు పొంది మాస్టార్లయినవారు ఎందరో.

ఐదు వరకు ఒక్క మాస్టారే అన్నీ చెబుతారు. ఆరులోకి రాగానే సబ్జెక్టులు విడిపోతాయి. హిందీ కొత్తగా మొదలవుతుంది. లెక్కల్లో అంకెల పక్కన అక్షరాలొస్తాయి. సరిగ్గా ఆ వయసుకే పిల్లవాడు కూలికి పనికొస్తాడు. తల్లిదండ్రులు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో వలసపోతే పిల్లలూ వెంట పోవాలి, లేదా ఇంటి దగ్గర చిన్నవాళ్లను చూసుకోవాలి. ఆడపిల్లయితే పెద్దమనిషి అవుతుంది. బడిలో మరుగుదొడ్డి లేకపోతే నెలకు కొన్ని రోజులు మానేస్తుంది, ఆనక పూర్తిగానే మానేస్తుంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఎనిమిది వరకు ఉచిత నిర్బంధ విద్య అందులోని హక్కు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిదికి తరగతికొక టీచరైనా ఉండాలని, లెక్కలు-సైన్సుకు, సోషల్‌కు, భాషలకు కనీసం ఒక్కొక్కరుండాలని, 35 మందికి ఒక టీచరని కూడా ఆ చట్టం చెబుతుంది. మూడు కిలోమీటర్లంటే కాగితం మీద దగ్గరే. మధ్యలో గెడ్డ ఉంటే కాదు.

2020 జాతీయ విద్యావిధానం ఈ మూడు తరగతులను ప్రత్యేకమైన దశగా గుర్తించింది. మన రాష్ట్రంలో 2022లో 117 నంబరు జీవో వచ్చి, చాలాచోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపారు. పిల్లలు తక్కువున్న యు.పి. స్కూళ్లలో స్కూల్ అసిస్టెంట్లు పోయి, ఎస్జీటీలే పెద్ద తరగతులకూ చెప్పారు. 2025లో ఆ జీవోను ఉపసంహరించి బడులను మళ్లీ కొత్త రకాలుగా విభజించారు. యు.పి. స్కూళ్లు కొన్ని హైస్కూళ్లయ్యాయి, కొన్ని తగ్గి ప్రాథమిక పాఠశాలలయ్యాయి.

ప్రతి యు.పి. స్కూలునూ ఉన్నది ఉన్నట్టు ఉంచాలని నేననను. ఇద్దరు మాస్టార్లు ఎనిమిది తరగతులు లాగే బడిలో పిల్లవాడు ఏడు ప్యాసైనా భిన్నాలు రావు. హైస్కూలయితే సైన్సు మాస్టారు వస్తారు, మంచిదే. కానీ ఒక బడిలో ఆరు, ఏడు తీసేసే ముందు ఆ ఊరి ఆడపిల్లలు ఎటు నడిచి వెళ్లాలో, ఆగస్టు నెలలో ఆ దారిన ఒకసారి ఎవరైనా నడిచి చూడాలి. బస్సు పాస్ ఇస్తామంటారు. బస్సు రాని ఊరికి పాస్ ఎందుకు?

అక్కడే మన వసతిగృహాల అవసరం కనిపిస్తుంది. ఈ సంచిక చదివే అన్నయ్యలకు, అక్కయ్యలకు ఒక మనవి. ఏప్రిల్‌లో మీ ఊరికి వెళ్లినప్పుడు ఐదు, ఏడు పూర్తిచేస్తున్న పిల్లలెవరో కనుక్కోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్ ముందే సిద్ధం చేయించండి. జూన్‌లో టీసీ తీసుకోగానే వార్డెన్‌గారి దగ్గరకు తీసుకురండి. మా అప్ప కూతురికి ఈ ఏడు ఐదో తరగతి పూర్తవుతుంది. దాని కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి.