పోటు వేళకి దిండి

పాలకొల్లు నుంచి రాజోలు వెళ్లే బస్సు చించినాడ వంతెన ఎక్కగానే వశిష్ఠ గోదావరి రెండు పక్కలా పరుచుకుంటుంది. ఈ గట్టు పశ్చిమ గోదావరి, ఆ గట్టు కోనసీమ. వంతెన దిగగానే దిండి. మలికిపురం మండలంలోని ఈ ఊరి ఏటిగట్టున, కొబ్బరితోటల నీడలో, పర్యాటకాభివృద్ధి సంస్థ నెలకొల్పిన రిసార్టుంది. హౌస్‌బోట్ల వల్లే దిండి పేరు బయటి జిల్లాలకు పాకింది.

కోనసీమకు వచ్చే కుటుంబాల్లో చాలామంది ఒక్క రోజులోనే తిరిగి వెళ్లిపోతారు. పొద్దున్నే అప్పనపల్లి బాలబాలాజీ, మధ్యాహ్నానికి అంతర్వేది నరసింహస్వామి, దారిలో ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు, చీకటిపడేలోగా ఇంటిదారి. దర్శనాలు అవుతాయి గానీ ఏరు మాత్రం కనపడదు. ఏటిని చూడాలంటే గట్టు మీద ఒక రాత్రైనా ఉండాలి.

ఎందుకంటే ఇక్కడి గోదావరి నిలకడగా ఒకేవైపు పారే ఏరు కాదు. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. ఆ సముద్రం దిండి రేవు దాకా వచ్చి పోతూ ఉంటుంది. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఇవాళ వచ్చిన వేళకి రేపు రాదు, ముప్పావుగంటకు పైగా ఆలస్యమవుతుంది. పున్నమికీ అమావాస్యకీ జోరు ఎక్కువ. పోటు మీద చూడండి, గుర్రపుడెక్క కుదుళ్లు ఎగువకి తేలిపోతుంటాయి. పిల్లలకి ఇంతకంటే మంచి భూగోళ పాఠం ఏ బడిలోనూ దొరకదు. పాటుకి గట్టు కింద బురద బయటపడితే పీతలు బొరియల్లోంచి వస్తాయి, కొంగలు దిగుతాయి. వేసవిలో పై నుంచి నీరు తగ్గితే ఏరు ఉప్పెక్కుతుంది. శ్రావణంలో వరద ఎర్రనీరు దిగితే తియ్యనవుతుంది. ఆ ఎర్రనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి వచ్చే చేపే పులస.

ఏటిగట్టున రాత్రి ఉండటం కొత్తేమో గానీ, ఇంటిల్లిపాదీ వెళ్లి చెట్టుకింద వండుకు తినడం మనకి కొత్త కాదు. కార్తికమాసం వస్తే కోనసీమలో ఏ ఆదివారం చూసినా తోటల్లో పొయ్యిలు వెలుగుతాయి. ఉసిరిచెట్టు ఉన్న తోట ముందే మాట్లాడి పెట్టుకుంటారు. మగవాళ్లు గాడిపొయ్యి తవ్వుతారు, ఆడవాళ్లు కూరలు తరుగుతారు, పులిహోర కలపడానికి మాత్రం ఇంటికి పెద్దావిడే రావాలి. పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, అరిటాకులు. తోట యజమాని తనకి తానే బొండాలు దింపించి ఇస్తాడు. పేరుకి వనభోజనమే గానీ ఇది అడవి కాదు, మనిషి పెంచిన తోట. అయినా సాయంత్రం దాకా అక్కడే గడిపి, పిల్లలు ఏటిగట్టు మీద పరుగులు పెట్టి అలిసిపోయాక గానీ ఎవరూ కదలరు. డేరాల్లో రాత్రి గడపాలనుకునే ఇప్పటి కుర్రవాళ్లకి ఈ వనభోజనాలే పునాది అని నా నమ్మకం.

దిండిలో దిగినవాళ్లు మర్నాడు అంతర్వేది వెళ్లొచ్చు. గుడి దాటాక అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఒకవైపు సముద్రం, ఒకవైపు ఏరు. చరిత్ర ఇష్టమైతే మామిడికుదురు మండలం ఆదుర్రు వెళ్లండి. గోదావరి మరో పాయ వైనతేయ ఒడ్డున చక్రం ఆకారంలో ఇటుకలతో కట్టిన బౌద్ధస్తూపం పునాదులు ఉన్నాయి. పిల్లలు మాత్రం పి.గన్నవరం దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. అక్కడ వైనతేయ పాయ మీదుగా పంటకాలువ దాటిపోతుంది. కింద ఏరు, పైన కాలువ. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కోనసీమ పల్లెలకు నీళ్లు చేర్చడానికి, ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ కాలంలోనే ఇక్కడ అక్విడెక్టు కట్టారు. ఇప్పుడున్న కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా అన్నం పెట్టిన ఆ తల్లి పేరు ఏరు దాటించే కట్టడానికి ఎంతో తగింది.

రావడానికి కార్తికం నుంచి మాఘం దాకా మంచి రోజులు. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో కల్యాణం, ఆ రోజుల్లో గదులు ముందే చూసుకోవాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం ఏటి మాట వినాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75కి మూడోది. 2022 జులైలో వరద ఆ మూడోదీ దాటి, లంక ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి.

వరద లేని రోజుల్లోనూ ఏరు ఏరే. 2025 మే నెలలో ముమ్మిడివరం వైపు గౌతమి పాయలో స్నానానికి దిగిన ఎనిమిది మంది యువకులు గల్లంతయ్యారు. పైకి నిదానంగా కనపడే నీటి కింద ఇసుక ఎక్కడ తెగి గుంట పడిందో కొత్తవాళ్లకి తెలియదు. ఊరి రేవులో స్నానం చేసేవాళ్లని అడగకుండా దిగకండి. పడవ ఎక్కితే పసివాళ్లతో సహా అందరికీ లైఫ్‌జాకెట్ ఉందా లేదా చూసుకున్నాకే తాడు విప్పనివ్వండి. 2019 సెప్టెంబరు 15న ఎగువన కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటకుల పడవని గోదావరి జిల్లాలు ఇంకా మరచిపోలేదు.

ఇక్కడ నాకొక బాధ ఉంది. గది అద్దె పెట్టుకోగలిగినవాళ్లకి దిండి ఉంది. క్యారేజీ కట్టుకుని ఆటోలో వచ్చే రాజోలు, కొత్తపేట, అమలాపురం కుటుంబాలకి ఏటి పక్కన భయం లేకుండా కూర్చునే చోటేది? కొబ్బరిచెట్ల నీడ ఎలాగూ ఉంది. కావలసింది ఆడవాళ్లకి శుభ్రమైన మరుగుదొడ్లు, తాగునీళ్లు, లోతు తెలిపే గుర్తులు, రేవులో ఈత వచ్చిన ఇద్దరు కాపలా మనుషులు, ప్లాస్టిక్ విస్తళ్లు ఏట్లో పడెయ్యకుండా చూసే ఒక మనిషి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయింది. మూడు పాయల మీద మూడు చోట్ల ఇలాంటి గట్లు తీర్చిదిద్దడం జిల్లా యంత్రాంగానికి మొయ్యలేని భారమేమీ కాదు. వచ్చే కార్తికానికి వశిష్ఠ ఒడ్డున ఒక్కటైనా మొదలుపెట్టాలి.