కూపన్ల కాలం స్వెట్టర్

నాలుగు పేజీల కాగితం, చేతిలో ఇమిడేంత. పైన నలుపు తెలుపుల్లో ఓ యువతి ఫొటో: నుదుటి మీద చుట్టలు తిరిగిన జుట్టు, ఎత్తుగా నిలిచిన భుజాలు, నడుము దగ్గరే ఆగిపోయిన పొట్టి స్వెట్టర్. లోపల బొమ్మల్లేవు, గడుల పటాల్లేవు. చీమల బారుల్లా అక్షరాలు, అంకెలు. అన్నిటికీ ముందు ఒకే ఒక్క కొలత: ఛాతీ 34 అంగుళాలు. మీది 40 అంటారా? ఆ గొడవ కాగితానికి పట్టదు.

1940లలో బ్రిటన్‌లో నాలుగైదు పెన్నీలకు దొరికిన ఇలాంటి అల్లిక కాగితాల కోసం పాత పుస్తకాల కొట్లు గాలించే వాళ్లు ఇవాళ చాలామందే ఉన్నారు. పెట్టెలో దాచుకోవడానికి కాదు, అల్లి తొడుక్కోవడానికి. అల్లడమే హాబీ అయితే, పాతకాలం బట్టలు అల్లడం అందులో మరో పిచ్చి. బజార్లో కొంటే పది నిమిషాల్లో తేలిపోయే స్వెట్టర్ కోసం ఓ శీతాకాలమంతా కూర్చోవడమేమిటని ఇంట్లోవాళ్లు అడగడం సహజం. కానీ ఆ కాగితం చెప్పినట్టు రెండు వరసలు అల్లి చూస్తే, అది ఎవరి కోసం ఏ పరిస్థితుల్లో రాసిందో వేళ్లకు తెలుస్తుంది.

పొట్టిదనమే తీసుకోండి. స్కర్టులు నడుము పైకి కట్టుకునే రోజులు కాబట్టి 1930ల నుంచీ స్వెట్టర్లు పొట్టిగానే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ ఫ్యాషనే పొదుపు కూడా అయింది. 1941 జూన్ 1న బ్రిటన్‌లో బట్టలకూ రేషన్ పెట్టారు. మనిషికి మొదటి ఏడాది 66 కూపన్లు. అల్లుకునే ఊలుకూ కూపన్ ఇవ్వాల్సిందే: 2 ఔన్సులకు, అంటే దాదాపు 57 గ్రాములకు, ఒకటి. స్వెట్టర్‌కి 7 ఔన్సులు పట్టిందంటే నాలుగు కూపన్లు చెల్లు. రెండంగుళాలు పొడుగు పెంచితే ఇంకో కూపన్ ఎగిరిపోవచ్చు. బట్టల రేషన్ ఎత్తేసింది 1949 మార్చిలో. యుద్ధం ముగిసిన నాలుగేళ్లకన్నమాట.

అందుకే ఆ కాలపు ఇల్లాలు పాత స్వెట్టర్‌ను విప్పదీసేది. ఆ ఊలును చిలపగా చుట్టి, ఉతికి, వంకీలు పోయేలా ఆరబెట్టి, మళ్లీ ఉండ చుట్టేది. ఉన్నదాన్ని బాగుచేసి వాడుకోండంటూ ప్రభుత్వమే 1943లో ‘మేక్ డూ అండ్ మెండ్’ అనే చిన్న పుస్తకం వేసింది. మిగిలిపోయిన తలో రంగు ఊలునూ కలిపేయడానికి ఫెయిర్ ఐల్ అల్లిక అక్కరకొచ్చింది. స్కాట్లండ్‌కు ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో పుట్టిన ఈ అల్లికలో ఒక్కో వరసలో రెండే రంగులు నడుస్తాయి, వరస మారితే రంగులూ మారతాయి. 1920లలో వేల్స్ యువరాజు ఎడ్వర్డ్ గోల్ఫ్ మైదానంలో వేసుకుని దాన్ని షోకుగా మార్చాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదే అల్లిక తుక్కు ఊలుకు దారి చూపింది. నాకు ఈ రెండో ఫెయిర్ ఐలే ఎక్కువ ఇష్టం. రంగులు పూర్తిగా పొసగని చోట అసలు కథ ఉంటుంది.

లెక్క తప్పితే అంతే

పాత కాగితం ముందు కూర్చున్న వాళ్లకు మొదటి చిక్కు సూదుల నెంబర్లతో. పాత ఇంగ్లిష్ పద్ధతిలో నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75, 14 అంటే 2. కరెంటు పనివాళ్లు తీగకు గేజి చెప్పే తీరే ఇది. అమెరికాలో వరస తిరగబడుతుంది. అక్కడి 8వ నెంబరు 5 మిల్లీమీటర్ల మొద్దు సూది. మన ఊలు కొట్లలో దొరికే సూదుల మీద ఇప్పటికీ చాలావరకు పాత ఇంగ్లిష్ నెంబర్లే ఉంటాయి. ఈ ఒక్క విషయంలో న్యూయార్క్ అమ్మాయి కంటే హైదరాబాద్ అమ్మాయికి పని తేలిక.

అసలు పరీక్ష కొలత దగ్గర. కాగితం అంగుళానికి 8 కుట్లు అంటుంది. 34 అంగుళాల చుట్టుకొలతకు 272 కుట్లు. మీ చేతివాటం కాస్త వదులై అంగుళానికి 7 కుట్లే పడ్డాయనుకోండి. అవే 272 కుట్లు దాదాపు 39 అంగుళాలకు సాగుతాయి. స్వెట్టర్ మీకు కాక మరెవరికో సరిపోతుంది. అందుకే ముందు నాలుగంగుళాల చదరం ముక్క అల్లి, తడిపి, ఆరాక స్కేలు పెట్టి కొలుచుకోవాలి. ఈ పని ఎగ్గొట్టాలని అందరికీ ఉంటుంది, ఎగ్గొట్టినవాళ్లే విప్పుకుంటారు. తెలిసినవాళ్లు ఈ తేడానే ఆయుధం చేసుకుంటారు. 39 అంగుళాల స్వెట్టర్ కావాలంటే కాగితంలో ఒక్క అంకె మార్చకుండా, కాస్త మందం ఊలూ సూదీ తీసుకుంటే చాలు. పొడుగు మాత్రం వరసల్లో కాక అంగుళాల్లో చూసుకోవాలి.

ఇంకో మెలిక. ఆనాటి స్వెట్టర్ ఒంటికి అంటుకుని ఉండాలి. తొడుక్కోకముందు ఒంటి కొలత కంటే ఒకటి రెండు అంగుళాలు చిన్నదిగా కనిపిస్తుంది, తొడుక్కున్నాక సాగి కూర్చుంటుంది. నడుము దగ్గర మూడు నాలుగు అంగుళాల రిబ్బు పట్టీ దాన్ని బిగించి నిలబెడుతుంది. ఉన్ని సాగి మళ్లీ ముడుచుకుంటుంది కాబట్టే ఇది సాధ్యం. విజయవాడ ఎండల్లో ఉన్ని ఎందుకని అదే కాగితం పట్టుకుని నూలు దారంతో అల్లితే, రిబ్బు పట్టీ నాలుగు ఉతుకులకు వేలాడిపోతుంది. అక్రిలిక్‌దీ వేరే తగువు. అల్లాక సాపు చేద్దామని వేడి ఇస్త్రీ పెట్టె ఆనించారో, ఆ ముక్క జీవం పోయి సాగిలపడుతుంది, మళ్లీ లేవదు. మన వాతావరణంలో పాతకాలం సోకు తీర్చుకోవాలంటే నూలుతో క్రోషియా మేలని నా అభిప్రాయం: కాలర్లు, చేతి తొడుగులు, జాకెట్టు చేతుల అంచులు, కొప్పు వలలు.

కొప్పు వల అంటే మనకు పెళ్లికూతురి ముడి మీద వేసే వల గుర్తొస్తుంది. 1940లలో బ్రిటన్, అమెరికా ఫ్యాక్టరీ అమ్మాయిలకు అది ప్రాణరక్ష. జుట్టు యంత్రాల్లో చిక్కకుండా మెడ మీద సంచిలా వేలాడే ‘స్నూడ్’ వేసుకునేవారు. ఒక దారం ఉండ, ఒక క్రోషియా సూది, గొలుసు కుట్టు వస్తే చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు స్వెట్టర్ జోలికి పోకుండా దీంతో మొదలుపెట్టడం మంచిది.

ఈ కాగితాలు చెత్తబుట్ట పాలు కాకుండా నిలిచాయంటే కొందరి చాదస్తమే కారణం. జేన్ వాలర్ 1920ల నుంచి 1940ల దాకా వచ్చిన నమూనాలను ఏరి 1972లోనే ‘ఎ స్టిచ్ ఇన్ టైమ్’ అనే పుస్తకం తెచ్చారు. 2008లో సుసాన్ క్రాఫర్డ్‌తో కలిసి ఆ నమూనాలను నేటి ఊలుకూ నేటి కొలతలకూ మార్చి మళ్లీ వేశారు. చేతి అల్లిక చరిత్రను 1987లో పుస్తకంగా రాసిన రిచర్డ్ రట్ అయితే అప్పట్లో లెస్టర్ బిషప్. ఆయన కూడబెట్టిన పాత అల్లిక పుస్తకాలు సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వారి వించెస్టర్ గ్రంథాలయానికి చేరాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కొన్ని 1940ల నమూనాలను ఉచితంగానే అందరికీ అందుబాటులో పెట్టింది.

క్లోన్స్ నుంచి నరసాపురం దాకా

క్రోషియా కాలర్ దగ్గరకొచ్చేసరికి ఈ కథ మన గోదావరి ఒడ్డుకు చేరుతుంది. 1840లలో బంగాళాదుంప పంట కుళ్లి ఐర్లండ్ కరువుతో అల్లాడుతుంటే, క్లోన్స్ అనే ఊళ్లో మతగురువు భార్య కసాండ్రా హ్యాండ్ 1847లో అక్కడి ఆడవాళ్లకు క్రోషియా లేసు నేర్పించింది. గులాబీలు, ఆకులు విడివిడిగా అల్లి, వాటిని సన్నటి వలతో కలిపే ఆ ఐరిష్ లేసు లండన్, పారిస్ దొరసానుల మెడల మీదికెక్కింది. దాదాపు అదే సమయంలో, 1844 ప్రాంతంలో, స్కాట్లండ్ మిషనరీలు మెక్రే దంపతులు నరసాపురం పరిసరాల్లో లేసు అల్లిక నేర్పారని చెబుతారు. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం పూట అరుగుల మీద సూదీ దారంతో కూర్చునే ఆడవాళ్లు ఆ వరసలోని వాళ్లే. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇక్కడ ఇబ్బందికరమైన విషయం ఒకటుంది, దాటేయడానికి మనసొప్పదు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అని పుస్తకం రాశారు. గంటల తరబడి అల్లి ఎగుమతి సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్లను పనివాళ్లుగా లెక్కించకుండా, ‘ఇంటిపట్టున ఉండి తీరిక వేళల్లో చేసుకునే పని’ అన్న ఒక్క మాటతో వాళ్ల కూలిని ఎంత తక్కువలో ఉంచారో అందులో చూపారు. తీరిక అన్న మాట ఒకరికి హాబీ, ఇంకొకరికి కూలి కోత. పారిస్‌లోనూ అంతే. 1927లో ఎల్సా స్కియాపరెల్లి తెల్ల బో బొమ్మ పడేలా అల్లించిన నల్ల స్వెట్టర్‌తో పేరు తెచ్చుకుంది. ఈ రోజుకీ వింటేజ్ అభిమానులు దాన్ని అల్లుకుంటున్నారు. అల్లిన చేతులు మాత్రం అక్కడ తలదాచుకున్న ఆర్మీనియన్ స్త్రీలవి.

పాత స్వెట్టర్ అల్లుకునే హాబీకి నేను ఓటు వేసేది ఇందుకే. ఆ 272 కుట్ల వరసలు అంగుళానికి పదేసి చొప్పున, చంకల దాకా 13 అంగుళాలు అల్లితే 35 వేల పైచిలుకు కుట్లు. నిమిషానికి 30 వేసినా 20 గంటలకు దగ్గరపడుతుంది. చేతులు, మెడ, కుట్టుపని ఇంకా అలాగే ఉన్నాయి. ఈ లెక్క ఒకసారి ఒంటికి తెలిశాక, లేసు కాలర్ చేతిలోకి తీసుకుని ‘ఇంత ధరా’ అనడానికి నోరు రాదు.

స్వెట్టర్ మీరు అల్లుకుని, కాలర్ నరసాపురంలో అల్లించుకోవాలనుకుంటే ఫొటో ఒక్కటే పంపకండి. అక్కడ చాలామంది కాగితం చదివి కాదు, ముక్క చూసి అల్లుతారు. మెడకు సరిగ్గా కూర్చునేలా కాగితం కత్తిరించి, పాత లేసు ముక్క ఏదైనా ఉంటే జతచేసి ఇవ్వాలి. ముక్కకు ఇంతని కాకుండా ఎన్ని గంటలు పడుతుందో అడిగి, ఆ గంటలకు కూలి మాట్లాడుకోవాలి. కాలర్‌ను స్వెట్టర్‌కి గట్టిగా కుట్టేయొద్దు, పెద్ద పెద్ద టాకాలు వేస్తే సరిపోతుంది. 1940ల వాళ్లూ అంతే చేసేవారు: కాలర్ విప్పి విడిగా ఉతికి, గంజిపెట్టి, మళ్లీ టాకాలు వేసుకునేవారు. మెడ దగ్గర చెమట పట్టిన ప్రతిసారీ ఉన్ని స్వెట్టర్ మొత్తాన్ని ఉతికే పని ఉండేది కాదు.